సున్నా అన్నవాడి చందా

బస్సు టైరు దిగిపోయింది. ప్రయాణికులందరం తెల్లారుతున్న వెలుతురులో రోడ్డు పక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. అప్పుడు ఒకామె నా దగ్గరికొచ్చి అడిగింది.

"బాబాయ్ గారూ, మీ ఫోన్లో డబ్బులిచ్చి కొన్న యాప్ ఒక్కటైనా ఉందా?"

దారిలో పలకరింపులు నాకు కొత్త కాదు. ఎక్కడిదాకా అని అడిగినవాళ్ళు, పిల్లలెంతమందని అడిగి లేరంటే నాకంటే ఎక్కువ బాధపడ్డవాళ్ళు, ఏమీ అడక్కుండానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయినవాళ్ళు, అందరూ తగిలారు. ఈ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. లేదన్నాను. పోనీ కొందామని ఎప్పుడైనా అనిపించిందా అంది. అదీ లేదన్నాను. డాక్టరు నాలుక చూసి తలూపినట్టు ఊపి, "అందరూ ఇదే అంటారు. మీరూ అందరిలోవారే," అంది.

నలభై దాటిన మనిషి. భుజాన పట్టీ అతుకులేసిన సంచీ, కాళ్ళకి మందపాటి అడుగున్న చెప్పులు. నడిచి బతికేవాళ్ళ చెప్పులు దూరం నుంచే తెలుస్తాయి, నావీ అలాంటివే. చేతిలో ఫోను. మాట్లాడేది నాతోనే అయినా చూపు మాత్రం ఆ ఫోను మీదికి పోయి వస్తోంది, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా.

ఆమె పని ధరలు అడగడం. అమ్మదు, కొనదు. ఒక కంపెనీ తరఫున ఇంటింటికీ వెళ్ళి, ఇదిగో ఇలాంటి వస్తువు ఒకటి వస్తోంది, దీనికి మీరైతే ఎంతిస్తారు అని అడిగి, చెప్పింది రాసుకుని వస్తుంది. కొత్తలో సబ్బులకి అడిగింది, తర్వాత కుక్కర్లకి, ఇప్పుడు యాప్‌లకి. ఆఫీసులో ధరలమ్మ అంటారు. వీధుల్లో పిల్లలు "ఎంతిస్తారు ఆంటీ వచ్చింది" అని ముందే అరిచి తలుపులు మూయించేస్తారట. అది చెప్పి తనే నవ్వింది. నేనూ ఇక్కడ ఆమెని ధరలమ్మ అనే అంటాను.

ఆ పనిలో రెండు ధరలున్నాయట. ఒకటి నోటి ధర, ఇంకోటి చేతి ధర. అడిగితే మనిషి చెప్పేది నోటి ధర. తీరా వస్తువు ముందు పెడితే జేబులోంచి వచ్చేది చేతి ధర. సబ్బు విషయంలో నోటి ధర పెద్దది, చెయ్యి చిన్నది. పక్కింటావిడ వింటోందని గొప్పకి ఎక్కువ చెప్తారు. యాప్‌ల దగ్గరికొచ్చేసరికి అది తిరగబడింది. కంటికి కనిపించని వస్తువుకి డబ్బు ఇస్తానని ఒప్పుకోవడం మనిషికి నామోషీ. పది వేళ్ళకీ ఉంగరాలున్న ఒకాయన, ఊరికే ఇస్తే తీసుకుంటాను గానీ పైన ఏమైనా ఇస్తారా అని అడిగాడట. ఒకావిడ పిల్లాడి ఫోనుకి తాళం వేసే యాప్‌కి ప్రతి నెలా కడుతోంది. ఆ పిల్లాడు ఆ తాళం తీసే యాప్‌కి కడుతున్నాడు, అదీ వాళ్ళమ్మ ఖాతాలోంచే. రేకుల కప్పు కింద ఉండే ఒకతను నిద్ర పట్టడానికి వాన చప్పుడు వినిపించే యాప్ కొన్నాడు. బయట వాన పడుతున్నా అదే పెట్టుకుంటాడట. ఎందుకయ్యా అంటే, "ఆ వానకి ఇల్లు కారుతుందండీ, ఇది కారదు" అన్నాడు.

నేను ఎక్కడో చదివాను. చేతి గడియారాలు అందరికీ అందని రోజుల్లో, కొన్ని కార్మికవాడల్లో, పొద్దున్నే పొడుగాటి కర్రతో మేడమీది కిటికీలు తట్టి నిద్రలేపే మనుషులు ఉండేవారట. వారానికింతని వాళ్ళకి జీతం. తిండికి వెనకాడే ఇళ్ళవాళ్ళు కూడా ఆ కర్రవాడికి మాత్రం ఇచ్చేవారు. లోపల మనిషి కిటికీ దగ్గరికొచ్చి లేచాననేలా కనబడేదాకా అతను కదిలేవాడు కాదట. ఆ సంగతి ధరలమ్మకి చెబితే, అంతవరకూ నవ్వుతున్న మనిషి నవ్వు ఆపేసి, "కనబడేదాకా కదిలేవాడు కాదా?" అని అడిగింది. అవునన్నాను. మళ్ళీ ఫోను చూసుకుంది.

టైరు మార్చారు. బస్సెక్కాక నా పక్క సీట్లోకే వచ్చి కూర్చుంది. పదికి ముందే చేరతామా అని కండక్టరుని రెండోసారి అడిగింది. ఆయన, తోసుకుంటూ వెళ్తే ఇంకా ముందే చేరొచ్చన్నాడు. ఆమె నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ నాకు ఆ కథంతా చెప్పింది.

ఆమె చేతికి ఒకప్పుడు ఒక పలకరింపు యాప్ వచ్చింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం. రోజూ పొద్దున చెప్పిన వేళకి ఫోను గంటలా మోగుతుంది. తెర మీద "బాగున్నారా?" అని పెద్ద అక్షరాలు, కింద ఆకుపచ్చ గుండ్రం. దాన్ని నొక్కితే, వాళ్ళు ఎవరి నంబరిచ్చారో ఆ మనిషికి "నేను బాగున్నాను" అని వెళ్తుంది. కాసేపటిదాకా నొక్కకపోతే "ఒకసారి వెళ్ళి చూడండి" అని వెళ్తుంది. అంతే. ఒంటరివాళ్ళని వెతికి, ముందు ధర అడగాలి. తర్వాత కొన్నాళ్ళు ఉచితంగా వాడనిచ్చి, మళ్ళీ వెళ్ళి రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఉంచుకోవడానికి ఎంతిస్తారు? తీసేస్తామంటే ఎంత పుచ్చుకుని తీసెయ్యనిస్తారు? రెండో ప్రశ్నలోనే మనిషి బయటపడతాడని ఆమె అంటుంది.

అలా వెతుకుతూ ఒక మేడ వెనక ఇనుప మెట్లెక్కి, పై గదిలో ఉండే ముసలాయన తలుపు తట్టింది. ఆయన సినిమా హాల్లో బొమ్మ వేసే ఆపరేటరుగా జీవితమంతా గడిపినవాడు. హాలు పడగొట్టేశారు గానీ ఆయన ఒంట్లో రెండో ఆట ఇంకా ఆడుతూనే ఉంది. తెల్లవారుజామున పడుకుంటాడు, మిట్టమధ్యాహ్నం లేస్తాడు. కిటికీకి నల్ల గుడ్డ. ఫిలిం చుట్టలు పెట్టే రేకు డబ్బాల్లో ఉల్లిపాయలు, మందులు, చిల్లర. పెళ్ళి కాలేదు, అయినవాళ్ళు లేరు. ఆయన ఆమెతో అన్న మాట నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా సర్వీసంతా జనం నాకు వీపు పెట్టే కూర్చున్నారమ్మా. బొమ్మ ఆగిపోతేనే వెనక్కి తిరిగేవాళ్ళు. అదీ తిట్టడానికి."

యాప్ గురించి చెప్పి ధర అడిగితే సున్నా అన్నాడు. పద్ధతి ప్రకారం ఒక్కో మెట్టూ దిగుతూ అడిగింది. నెలకి నాలుగు టీల ఖరీదు? వద్దు. రెండు? వద్దు. ఒకటి? అరకప్పు కూడా వద్దన్నాడు. బతికున్నానని చెప్పుకోడానికి డబ్బు కట్టే గతి నాకింకా పట్టలేదు, పోయానంటావా, అది ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది, అని ఆయన వాదన. సరే, ఉచితమే కదా వాడి చూడండి అని ఆమె బతిమాలింది. ఎవరి నంబరు పెట్టమంటారు అని అడిగితే చాలాసేపు పైకప్పు చూశాడు. ఇవ్వడానికి ఒక్క నంబరు కూడా లేదు.

ఆమె తన నంబరు పెట్టింది.

ధరలడిగేవాళ్ళకి మొదట నేర్పే పాఠం, అడిగే మనిషి జవాబులో ఉండకూడదని. అదెంత పెద్ద తప్పో ఆ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మనకి మంచితనంలా కనిపిస్తుంది. వాళ్ళ దృష్టిలో అది తూకం వేసేవాడు తక్కెడలో తన వేలు పెట్టడం.

ఆయన మధ్యాహ్నందాకా నిద్రపోతాడన్న సంగతి ఆమె పట్టించుకోలేదు. అందరికీ పెట్టినట్టే పది గంటలకి పెట్టి వచ్చేసింది. మర్నాడే "ఒకసారి వెళ్ళి చూడండి" అని వచ్చింది. ఇంకెవరింట్లోనో ఇంకో యాప్ ధర అడుగుతున్న మనిషి కాగితాలు అక్కడే వదిలేసి, ఎండలో ఊరు ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగెత్తింది. ఇనుప మెట్లెక్కి తలుపు బాదింది. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, "చావడానికి కూడా నీ టైమ్ ప్రకారమే చావాలా అమ్మా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె చెమట్లు, వగరుపు చూసి కుర్చీ వేశాడు. గ్లాసుడు మంచినీళ్ళిచ్చి, తాగేదాకా నిలబడే ఉన్నాడు.

ఆ మర్నాటినుంచి పది దాటగానే "నేను బాగున్నాను" వచ్చేది. ఒక్కరోజు తప్పలేదు. నా కోసం నిద్ర లేస్తున్నారు అనుకుంది. పెళ్ళయి, పెటాకులై, చెల్లెలింట్లో ఉంటున్న మనిషి. తన కోసం ఒకరు నిద్ర చెడగొట్టుకోవడం అదే మొదలేమో. ఆమె ఆ మాట అనలేదు, నేననుకున్నాను.

గడువయ్యాక వెళ్ళి మళ్ళీ అడిగింది. సున్నాయే. తీసేస్తామంటే ఎంత పుచ్చుకుంటారని అడిగితే నవ్వి, "తీసెయ్. ఉత్తినే తీసెయ్," అన్నాడు. ఆమె తీసెయ్యడానికని తన ఫోను చేతిలోకి తీసుకుంది. తియ్యలేకపోయింది. కంపెనీ ఇంకొన్నాళ్ళు ఉచితంగా ఇమ్మందని అబద్ధం చెప్పి, ఆ రోజే ఆయన ఏడాది చందా తనే కట్టేసింది.

దాని పర్యవసానం ఆఫీసులో ఇంకోలా తేలింది. సున్నా అన్నవాళ్ళలో కొందరు డబ్బు కడుతున్నారని పై అధికారి మురిసిపోయాడు. ముసలివాళ్ళ నోరు సున్నా అంటుంది గానీ చెయ్యి ఇస్తుంది, ఇంకా పిండొచ్చు అని లెక్క తేల్చి పంపితే, యాప్ కంపెనీవాళ్ళు ధర పెంచారు. పెంచేసరికి నిజంగా లేనివాళ్ళు చాలామంది మానేశారు. ఆ కొందరిలో మిగతావాళ్ళ సంగతి తెలీదు బాబాయ్ గారూ, ఒకరిని మాత్రం నేనే, అంది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. నోరు మూసుకుంది.

తర్వాత ఆమెని వేరే ఊరికి మార్చారు. చెల్లెలి కాపురమూ అక్కడికే చేరింది. సందేశం రావడం మాత్రం ఆగలేదు. అది వచ్చాకే టీ తాగడం అలవాటైంది. వానాకాలం వెళ్ళింది. కొత్తగా చేరిన ఒకమ్మాయి పాత ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగొచ్చి ఇచ్చిన కాగితాల్లో, ఆ ఇనుప మెట్ల గది ఎదురుగా ఒకే మాట ఉంది. చనిపోయారు. వానల్లోనే పోయారని ఇంటివాళ్ళు చెప్పారట.

ధరలమ్మ ఆ కాగితం చూసింది మధ్యాహ్నం. ఆ పొద్దునే సందేశం వచ్చింది. మర్నాడూ వచ్చింది.

యంత్రంలో ఏదో లోపమనుకుని యాప్ కంపెనీకి ఫోన్ చేసింది. యంత్రం తనంతట తాను చెప్పదమ్మా, ఎవరో నొక్కితేనే వస్తుంది అన్నారు. చెల్లెలికి చెప్పింది. చెల్లెలు ముందు భయపడి, తర్వాత ధైర్యం తెచ్చుకుని, "బతికున్నవాళ్ళకి దిక్కులేదు గానీ, చచ్చినాయనకి చందా కట్టేదానివి లోకంలో నువ్వొక్కదానివేనే" అంది. అంతే గానీ, మానెయ్ అనే సాహసం తనూ చెయ్యలేదు. పది కొట్టేసరికి ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ మాటలాపేస్తారట. చెల్లెలి మొగుడు ఇదేం పూజ అని విసుక్కుంటాడు.

"మరి ఒక్కసారైనా వెళ్ళి చూడలేదేం?" అన్నాను.

"చూడనంతకాలం అది ఆయనే కదండీ."

ఇప్పుడెందుకు బయల్దేరిందంటే, ఆ సాయంత్రంతో ఏడాది చందా గడువు తీరిపోతుంది. కొత్త ధర పాతదానికి మూడింతలు. కట్టకపోతే గంట మోగదు, సందేశం రాదు. కట్టాలా, ఆపెయ్యాలా? పోయారన్న మనిషి పేరు మీద ఎవరో రోజూ నొక్కుతున్నారు. ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే గానీ తేల్చుకోలేదు. ఒంటరిగా వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు, మీకు తొందర లేకపోతే ఆ వీధి చివరిదాకా రండి అంది. నాకు ఏ ఊళ్ళోనూ తొందర లేదు. దయ్యాలంటే నాకు నమ్మకం లేదమ్మా, భయం మాత్రం ఉంది అన్నాను. బస్సెక్కాక ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

దిగి నడిచాం. చిన్న చిన్న దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు విసురుతున్నారు. మందుల షాపు పక్క సందులో మూడో మేడ. వెనక్కి ఇనుప మెట్లు. వాటి పక్కన నీళ్ళ మోటారు. ఇంటావిడ బకెట్టు ముందేసుకుని దుప్పటి పిండుతోంది. ధరలమ్మని చూడగానే గుర్తుపట్టి, ఇప్పుడేంటమ్మా తల్లీ, సబ్బులా, చీపుళ్ళా అంది. పైన ఆపరేటర్ గారు, అని ఈమె మాట పూర్తి చెయ్యకముందే ఆవిడ అందుకుంది. పోయాడుగా, మీ ఆఫీసు పిల్లకి చెప్పానే. పాపం మంచివాడు, అద్దె ఒక్క నెల ఎగ్గొట్టలేదు. ఆ గదిలో ఇప్పుడు ఒక చెప్పుల దుకాణం వాళ్ళు అట్టపెట్టెలు పెట్టుకున్నారు. పోయిన గది కదా, మనుషులెవరూ అద్దెకి రాలేదు.

ఎలా పోయారని అడిగింది ధరలమ్మ.

నిద్రలోనే, అంది ఆవిడ దుప్పటి రెండో కొస నాకందిస్తూ. నేను పట్టుకుని మెలిపెట్టాను. ఎవరికీ తెలీలేదు, మూడో రోజుకి గానీ. మెట్ల మీద వాసన వస్తే ఎలక చచ్చిందనుకున్నాం.

ధరలమ్మ మెట్ల చువ్వ పట్టుకుంది. "ఆ మూడు రోజులూ నాకు బాగున్నానని వచ్చింది," అంది. ఎవరికి చెబుతోందో తెలీనట్టు అంది.

అప్పుడే లోపల ఎక్కడో గంట మోగింది. చిన్న గంటే, నున్నటి చప్పుడు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. ఆగిన వెంటనే ధరలమ్మ చేతిలో ఫోను వణికింది. నాకు చూపించింది. ఆపరేటర్ గారు: నేను బాగున్నాను.

ఆ పూట ఎండ బాగానే ఉంది. నా చేతిలో తడి దుప్పటి. అయినా ఒంటి మీద రోమాలు లేచాయని చెప్పడానికి సిగ్గుపడను.

"అదా," అంది ఇంటావిడ. "మా వదిన దగ్గర ఉంది ఆ ఫోను. అది మోగందే ఆవిడకి పొద్దు పొడవదు."

పైకి వెళ్ళే మెట్ల కింద లోపలివైపు ఒక చిన్న గది. గది అనడం మర్యాదకే. ఒక మంచం, దాని కిందే సామాను, సందులోకి తెరుచుకునే ఒక ఊచల కిటికీ. ఇంటాయనకి అక్క, కాళ్ళు పడిపోయిన ముసలావిడ, గోడకానుకుని కూర్చుంది. కిటికీ గూట్లో ఫోను, దాని తీగ గోడకి గుచ్చి ఉంది. మేము వస్తే భయపడలేదు. ధరలమ్మని కిందికీ పైకీ చూసి, "పరిగెత్తుకొచ్చిన పిల్లవి నువ్వేనా?" అని అడిగింది.

నేనేనంది.

ముసలావిడ తాపీగా చెప్పింది. ఆ రోజు ఈ పిల్ల ఎండలో వగర్చుకుంటూ వచ్చి వెళ్ళాక, సాయంత్రం ఆపరేటరు కిందికొచ్చి కిటికీలోంచి ఫోను ఆవిడ చేతికిచ్చాడు. పొద్దున మోగితే నొక్కండి అక్కయ్యా, నాకు నిద్ర లేవడం అయ్యే పని కాదు, లేకపోతే పాపం ఆ పిల్ల మళ్ళీ పరిగెత్తుకొస్తుంది, అన్నాడు. రోజూ మధ్యాహ్నం లేచి టీకి వెళ్తూ కిటికీ ఊచల మీద వేలితో కొట్టేవాడు. నొక్కారా? నొక్కాను. అంతే వాళ్ళిద్దరి మాటలు.

"మరి ఆ మూడు రోజులు?" అంది ధరలమ్మ.

"రాలేదు. కిటికీ కొట్టలేదు. మోగింది, నొక్కాను. మోగితే నొక్కమన్నాడుగా. పైనాయన కిందికి రాలేదర్రా అని మావాళ్ళకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. నేను చెబితే ఈ ఇంట్లో ఎవరికి వినపడుతుందమ్మా."

గుమ్మం దగ్గర ఇంటావిడ, అబ్బే, ఎప్పుడు చెప్పావు వదినా అంది. పోట్లాటకి కాదు, నిజంగానే గుర్తులేక. ఇంటావిడ కాసేపు చూసి బకెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను ధరలమ్మ మొహం చూడలేకపోయాను. ఆయన అలా పడి ఉండకూడదనే ఆమె దాచి కట్టింది. ఆమె పరిగెత్తుకు రాకూడదనే ఆయన దాచి ఫోను ఇచ్చాడు. ఒకరికి తెలీకుండా ఒకరు చేసుకున్న ఈ రెండు మంచి పనుల మధ్య ఒక శవం మూడు రోజులు బాగున్నాను, బాగున్నాను అంటూ పడి ఉంది. ఆ యాప్ లేకపోతే, టీ కొట్టువాడో ఇంకెవరో ముందే వెళ్ళి చూసేవారేమో. చూసేవారు కాదేమో. ఇలాంటి 'ఏమో'లు మనిషిని తినేస్తాయి. నేను చదివిన పుస్తకాల్లో వీటికి మందు ఎక్కడా కనబడలేదు.

ధరలమ్మ మంచం అంచున కూర్చుంది. ధరలడిగేటప్పటి గొంతు తెచ్చుకుని అడిగింది.

"అమ్మా, ఆయన లేరు కదా. దీన్ని తీసేస్తాను. తీసెయ్యనివ్వడానికి మీరెంత పుచ్చుకుంటారు?"

ముసలావిడకి ఆ ప్రశ్న అర్థమైందో లేదో తెలీదు. గూట్లోంచి ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ దాని మీద కప్పింది. చలికాలంలో కోడిపిల్లని కప్పినట్టు కప్పి, మా ఇద్దరి మధ్యనుంచి గోడ చూస్తూ కూర్చుంది. ధర చెప్పలేదు.

"పోనీ మీ పేరు పెడతాను," అంది ధరలమ్మ. "మీరు నొక్కితే మీరు బాగున్నట్టు నాకు తెలుస్తుంది."

"వద్దమ్మా."

"ఏం?"

"నన్నయితే ఎవరడుగుతారు? ఆయన్ననుకునే కదా అది రోజూ అడుగుతోంది. అలాగే అనుకోనీ. ఇంటినిండా జనం ఉన్నదానికి ఇదెందుకని మావాళ్ళు పీకేస్తారు. ఆయనదంటే, చచ్చినవాడి వస్తువని ఎవరూ ముట్టుకోరు."

ధరలమ్మ ముందుకి వంగి, నెమ్మదిగా అడిగింది. "మీరు బాగున్నారా అమ్మా?"

ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది, గోడ దగ్గర ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ ధరలమ్మ వైపు తిరిగింది. బొటనవేలు ఒళ్ళో ఫోను మీద, ఆ గుండ్రం ఉండే చోట, మెల్లగా కదిలింది. తెర చీకటిగానే ఉంది.

బయటికొచ్చాం. మోటారు పక్కన, ఇనుప మెట్ల నీడలో ధరలమ్మ ఆగి ఫోను తెరిచింది. మూడింతల ధర తెర మీద కనిపిస్తూనే ఉంది. అంత డబ్బు పెట్టి ఆమె ఏం కొంటోందో నాకు చెప్పే ధైర్యం ఉంటే చెప్పేవాణ్ణి. ఇకమీదట ప్రతి పొద్దునా చచ్చినాయన పేరుతో ఒక అబద్ధం వస్తుంది. దాని వెనకాల ఒక నిజమైన వేలు ఉంటుంది. ఆ వేలు ఆగిపోయిన రోజున ఈమె మళ్ళీ పరిగెత్తాలి, ఈసారి ఊరి చివర్నుంచి కాదు, ఊరు దాటి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఏడాదికి కట్టేసింది. డబ్బు ముట్టినట్టు ఫోను చిన్నగా మోగితే, లోపల కిటికీ దగ్గర ఏదో కదిలింది. ముసలావిడ తన గంటే అనుకున్నట్టుంది.

ఇంటావిడ దుప్పటి తీగ మీద ఆరేస్తూ, అయ్యా, ఆ కొస కాస్త లాగండి, ముడత పడింది అంది. నేను వెళ్ళి లాగాను. ముడత పోలేదు, ఇంకోసారి దులిపి వేశాం. తిరిగి చూస్తే మెట్ల నీడలో ఎవరూ లేరు.

సందు మొగలోకి వచ్చి చూశాను. ధరలమ్మ అప్పటికే ఇస్త్రీ బండి దాటి పోతోంది. సంచీ వీపు మీదికి జారింది, సర్దుకోలేదు. ఒక్కో ఇంటి ముందూ నడక కాస్త తగ్గించి, మేడమీది కిటికీ వైపు తలెత్తి చూసి, మళ్ళీ నడుస్తోంది. నల్ల గుడ్డ కట్టిన ఒక కిటికీ దగ్గర ఎక్కువసేపు ఆగింది. లోపలినుంచి ఎవరో గుడ్డ పక్కకి తీశాక కదిలి, మలుపు తిరిగిపోయింది.